పదిహేను అంగల గాలి

సోమన్నబావి, మర్రిగూడ మండలం
2023 జూన్ 4

స్నిగ్ధా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నేనిప్పుడు మా ఊరి బ్రాంచి పోస్టుమాస్టరును. పోస్టాఫీసు అంటే ఒక గది, ఒక తక్కెడ, ఒక ముద్ర, వేలిముద్రలు తీసుకునే ఒక యంత్రం. పింఛన్ల రోజున గది నిండుతుంది. మిగతా రోజుల్లో ఈగలు కూర్చుంటాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయినా నా చేతి ముద్రతో ఒక్క కవరు కూడా దేశం దాటలేదు. మొదటిది నీకే రానీ అనుకున్నాను. పైగా ఫోనులో నువ్వు సగం మాటకే "అర్థమైందిలే" అంటావు. నల్లగొండ హాస్టల్లో ఒకే గదిలో మూడేళ్ళు ఆ మాట విన్నాను. కాగితం మధ్యలో అడ్డం రాలేవు కదా.

నువ్వు గాలుల మీద పెద్ద చదువు చదువుతున్నావు కనుక ఒక సందేహం. టోర్నడోలు ఎండలు కాసే పెద్ద మైదానాల్లో వస్తాయని మనం ఇంటర్లో చదివాం. నువ్వున్నది చలి దేశం, సముద్రపు ఒడ్డు. అటువంటి చోట అవి వస్తాయా? వస్తే ఏడాదికి ఎన్ని? ఊరికే అడుగుతున్నాను.

ఊరి సంగతి ఏముంది. మే తొమ్మిదిన సాయంత్రం వడగళ్ళతో గాలి లేచి భీమయ్య ఇంటి రేకులు ఎత్తుకుపోయింది. మనుషులకేమీ కాలేదు. నెల కావస్తున్నా ఊరంతా ఆ రేకుల ముచ్చటే. ముప్పై ఏళ్ళు బోరునీళ్ళలో ఫ్లోరైడు విషం తాగినప్పుడు ఇందులో పావు వంతు మాట్లాడి ఉంటే ఇవాళ సగం మంది సులువుగా నడిచేవాళ్ళు.

నేను బాగానే ఉన్నాను. నువ్వు ఎట్లా ఉన్నావో అబద్ధం లేకుండా రాయి.

నిరోష

*

అబరిస్ట్విత్, వేల్స్
జూన్ 27

నిరోషా,

నీ కవరు పదిహేడు రోజులకు చేరింది. మా ఇంటి యజమానురాలు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి ఇచ్చింది, మన దేశపు దుమ్ము అంటుకుంటుందేమో అన్నట్టు.

నీ సందేహానికి జవాబు: వస్తాయి. ఈ దేశం మొత్తం మీద ఏడాదికి ముప్పై, ఒక్కో ఏడు ఇంకా ఎక్కువ. విస్తీర్ణంతో పోలిస్తే ప్రపంచంలో ఎక్కువగా వచ్చే దేశాల్లో ఇదొకటి. ఇక్కడివాళ్ళను అడిగి చూడు, "మా దగ్గరా? ఉండవే" అంటారు. వీళ్ళు మీ ఊరివాళ్ళకన్నా తెలివైనవాళ్ళేం కాదు, మంచి కోట్లు తొడుక్కుంటారు, అంతే.

వీళ్ళ టోర్నడోలూ వీళ్ళలాగే ఉంటాయి, అల్పంగా, మర్యాదగా. రెండు మూడు నిమిషాలు తిరుగుతాయి. ఒక కోళ్ళగూడు, నాలుగు పెంకులు, ఒక కంచె తీసుకుపోతాయి. కొన్ని సముద్రం మీద నీటిస్తంభంగా పుట్టి ఒడ్డుకు ఎక్కుతాయి. చలిగాలి ముందుకు తోసుకొచ్చే రోజుల్లో, ముఖ్యంగా ఎండలు తగ్గాక ఎక్కువ. చీకట్లో వచ్చినవి, ఖాళీ పొలంలో వచ్చినవి ఎవరి కంటా పడవు కనుక లెక్కలోకి రావు. ఎక్కువ వాటి సంగతి పత్రికలో మూలన పడ్డ రెండు వాక్యాల వల్లే తెలుస్తుంది. నా పరిశోధన అంటే ఆ వాక్యాలు ఏరుకోవడమే. ఇంటి దగ్గర మాత్రం ఉపగ్రహాలతో మాట్లాడుతున్నానని చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీ.

మన వైపు అవి రావు. నాన్న కూడా అదే చెప్పేవాడు. మీ భీమయ్య రేకులకు మేకులు సరిగా కొట్టి ఉండడు.

స్నిగ్ధ

*

సోమన్నబావి
జూలై 16

స్నిగ్ధా,

ఊరికే అడుగుతున్నానని రాశాను. అది అబద్ధం.

భీమయ్య మేకులు బాగానే కొట్టాడు. మేకులతో సహా రేకుల కింది కర్రలు కూడా లేచాయి. నేను మర్నాడు పొద్దున కొలిచాను. గాలి పోయిన దారి వెడల్పు పదిహేను అంగలు, ఎక్కడా ఇరవై దాటలేదు. పొడవు అర కిలోమీటరు. దారికి ఎడమ పక్కన పడ్డ కంది కట్టె ఒక దిక్కుకు, కుడి పక్కన పడ్డది దానికి ఎదురు దిక్కుకు తలలు పెట్టి ఉంది. బొమ్మ గీసి పంపుతున్నాను. ఆ పదిహేను అంగలకు అవతల ఉన్న ఒక గుడిసె కప్పు మీద బోదగడ్డి ఒక్క పోచ కూడా కదల్లేదు. గోడకు ఆనించిన చేట ఆనించినట్టే ఉంది.

ఆ చేటే కొంప ముంచింది.

సుడిగాలి కనబడితే ఎడమకాలి చెప్పు తీసి దాని మీదికి విసిరి థూ థూ అనాలి, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు వాడకట్టంతా విసిరింది. గాలి విరిగిపోయాక ఎవరి చెప్పుకు అది చచ్చిందని గంటసేపు తగువులాడుకున్నారు. సర్పంచి హనుమంతు తన చెప్పుకేనన్నాడు, ఆయన చెప్పు ఎదురింటి గేదె మీద పడటం అందరూ చూశారు. ఒక్క ముసలామె మాత్రం విసరలేదు. గుడిసె ముందు కర్ర పట్టుకుని నిలబడి చూసింది. ఆ గుడిసె ఆమెదే. అంతకు వారం ముందు భీమయ్య మేకలు ఆమె చిక్కుడు తీగ తింటే "నీ ఇల్లు కూల" అని తిట్టింది. ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఆ మాట పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పది సార్లు అంటారు, కోడిపెట్టను కూడా అంటారు.

ఇంకేముంది, బాణామతి అన్నారు. ఆమె చేసిన గాలి కనుకనే చెప్పు వెయ్యలేదు, ఆమె గాలి కనుకనే ఆమె గుడిసె ముట్టలేదు. ఆమెతో మాటలు బందు. నల్లా బందు. పత్తి కూలికి పిలవడం బందు. దసరా దాకా గడువు, ఆ తర్వాత ఊరు విడిచి పోవాలి.

పోలీసుల దగ్గరికి పోదామంటే ముసలామె ఒప్పుకోదు. "ఠాణ మెట్లెక్కినంక ఇగ గీ ఊర్ల ఎవ్వల మొకం జూస్తనే" అంటుంది.

ఒక ఇల్లు కూల్చి పక్క ఇల్లు వదిలేసే గాలి ఉంటుందని చదువుకున్నవాళ్ళెవరైనా రాసిస్తే ఆలోచిస్తామన్నారు. నువ్వు రాసివ్వు.

నిరోష

*

అబరిస్ట్విత్
ఆగస్టు 5

నిరోషా,

నీ బొమ్మ చూసి రాత్రి భోజనం మరిచిపోయాను. పత్రికల వాక్యాలు ఏరి ఏరి విసిగిన నాకు ఇటువంటి కొలత ఒక్కటి కూడా దొరకలేదు. రెండు పక్కలా ఎదురెదురుగా పడిన కట్టె అంటే గాలి తిరిగిందని అర్థం. గాలి దుమారం అట్లా పడెయ్యదు. నా పాత ఉత్తరంలో మేకుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కంది కట్టె ఫోటోలు ఉన్నాయా? ఆ వేళ మబ్బు ఏ దిక్కు నుంచి వచ్చింది? వడగళ్ళు గాలికి ముందా, తర్వాతా? త్వరగా రాయి, వచ్చే నెల మొదట్లో నేను పరిశోధన పత్రం ఇచ్చెయ్యాలి.

ఇక ఊరివాళ్ళ మాట. చదువుతుంటే ఒళ్ళు మండింది. చంద్రుడి మీదికి యంత్రం పంపిన దేశంలో చెప్పులతో గాలిని చంపే మనుషులు. అయితే ఆ ముసలామె మీద కూడా నాకు కోపమే. ఒక చెప్పు విసిరేస్తే పోయేది కదా. మూర్ఖుల మధ్య బతుకుతూ ఆ మాత్రం లౌక్యం లేకపోతే ఎట్లా? సినిమా చూసినట్టు నిలబడి చూడటం దేనికి?

రాసివ్వడం మాత్రం నా వల్ల కాదు. నేనింకా విద్యార్థిని. కళ్ళతో చూడని గాలికి ఇక్కడి నుంచి సంతకం పెడితే మా ఆచార్యుడు నన్ను గదిలోంచి బయటికి నడిపిస్తాడు. నాన్నను అడుగు. దేవరకొండలో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పాడు, నీకూ చెప్పాడు. ఆయన మాటకు ఆ చుట్టుపక్కల విలువ ఉంది.

స్నిగ్ధ

*

సోమన్నబావి
ఆగస్టు 24

స్నిగ్ధా,

నీ ప్రశ్నలకు ముందు జవాబులు రాస్తాను, నీకు తొందర కదా. మబ్బు నైరుతి నుంచి. వడగళ్ళు ముందు, గాలి తర్వాత. ఫోటోలు లేవు, కట్టె పొయ్యిలోకి పోయింది.

ఇప్పుడు నీ మిగతా ప్రశ్న. ఆమె చెప్పు ఎందుకు విసరలేదు? వంగలేదు కాబట్టి. ఆ బోరునీళ్ళకు ఆమె వెన్ను పదిహేనేళ్ళుగా కర్రలా బిగుసుకుపోయింది. కింద పడ్డ గింజ ఏరుకోలేదు. కాలి చెప్పు తనంతట తను తీసుకోలేదు. ఈ ఊళ్ళో అరవై దాటిన ఎవరి వెన్ను వంగుతుంది? భీమయ్యది వంగుతుందా? తీర్పు చెప్పిన పెద్దమనుషుల్లో ఎవరిది వంగుతుంది? వాళ్ళ చెప్పులు కోడళ్ళు విప్పి చేతికిచ్చారు, వాళ్ళు విసిరారు. ఈమెకు విప్పి ఇవ్వడానికి ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. మనవరాలు టపాల సంచి అప్పగించడానికి మర్రిగూడ పోయింది.

మనవరాలంటే నేనే. ముసలామె మా అవ్వ, నర్సింగమ్మ. అమ్మా నాయినా హైదరాబాదులో మేస్త్రీ పనికి పోతే నన్ను పెంచి, ఈ వంశంలో మొదటిసారి బడికి పంపింది ఆమే. లౌక్యం లేకపోవడం నిజమే. ఉంటే పత్తి ఏరిన చేతులతో నా హాస్టలు ఫీజు కట్టేది కాదు.

మొదటే ఎందుకు రాయలేదంటావేమో. రాస్తే నువ్వు నా మీద జాలితో జవాబు ఇస్తావు. నాకు నిజం కావాలి. అందుకే తెలియనట్టు అడిగి, ముప్పై అని నీ చేత్తో రాయించుకున్నాను.

ఇంకొకటి కూడా దాచాను. మీ నాన్నను అడగమన్నావు. అడిగారు. మే నెలలోనే హనుమంతు పని గట్టుకుని దేవరకొండ పోయాడు. ఆయన కూడా సారు శిష్యుడే. "సార్, ఒక్క ఇంటి మీదనే వడే గాలి ఉంటదా?" అని అడిగాడు. సారు పేపరు దించకుండా, "టోర్నడోలు అమెరికాల వస్తయి, మన జాగల రావు. సైన్సుల గట్ల లేదు" అన్నారట. హనుమంతు తిరిగొచ్చి అందరి ముందు చెప్పాడు: "సైన్సుల లేదని సారే అన్నడు. సైన్సుల లేదంటే ఇంగేంది? మంత్రమే గదా." అప్పటిదాకా అటూ ఇటూ ఊగినవాళ్ళు కూడా ఆ మాటతో గట్టిపడ్డారు. మా అవ్వను వెలేసింది మూఢనమ్మకం ఒక్కటే కాదు స్నిగ్ధా. దానికి ఫిజిక్సు సంతకం చేసింది.

మూడు నెలలుగా నేను బోరింగు నుంచి నీళ్ళు మోస్తున్నాను. పింఛన్ల రోజున మాత్రం అందరూ నా గదికి వస్తారు. మా ఇంటి నీడ పడదు, నేనిచ్చే పింఛను పడుతుంది. ఒక్కొక్కరి బొటనవేలు నేనే పట్టుకుని యంత్రం మీద నొక్కుతాను. ఒక్కరు కూడా నా ముఖం చూడరు. వేలు మాత్రం గట్టిగా ఆనిస్తారు.

సంతకం పెట్టలేనన్నావు. మంచిది. మీ ఇంట్లో అందరూ జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళే.

నిరోష

*

అబరిస్ట్విత్
సెప్టెంబరు 14

నిరోషా,

నీ ఉత్తరం రాగానే నాన్నకు ఫోను చేశాను. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"హనుమంతుకు అట్లా చెప్పారా?"

"చెప్పిన. పుస్తకంల ఉన్నదే చెప్పిన."

"ఆ పుస్తకం ఏ సంవత్సరం నాటిది నాన్నా?"

"ఏడాదికోసారి గాలి మారుతదా ఏందే?"

"మీ మాట పట్టుకుని ఒక ముసలామెను ఊళ్ళోంచి వెళ్ళగొడుతున్నారు."

"గది వేరే సంగతి. గది వాల్ల మూర్ఖత్వం. నేను మూర్ఖత్వం గురించి చెప్పలే, టోర్నడో గురించి చెప్పిన."

ఏటా సైన్సు దినం నాడు మూఢనమ్మకాల మీద గంటసేపు ఉపన్యాసమిచ్చే మనిషి. చిన్నప్పుడు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని. చివరికి, మాట మార్చి రాసివ్వండి అంటే, "శిష్యుల ముందల తప్పు జెప్పిన్నని రాసియ్యాల్నా?" అని ఫోను పెట్టేశాడు.

నేనూ ఒకటి దాచాను. పరిశోధన పత్రం పోయిన వారం ఇచ్చేశాను. నలభై ఒకటో పేజీలో నీ బొమ్మ ఉంది. నీ పేరు లేదు. "స్థానికురాలు ఒకరు గీసినది" అని ఉంది. పల్లెటూరి పోస్టుమాస్టరు గీసిందంటే నవ్వుతారేమోనని అట్లా రాశాను. నీ ఆగస్టు ఉత్తరం చదివాక ఆ వాక్యం కేసి చూడలేకపోతున్నాను. అయినా అది అచ్చయిపోయింది.

దీనితో తెలుగులో ఒక కాగితం పెడుతున్నాను. ఏడాదికి ముప్పై వస్తాయని, ఒక్క ఇంటి మీద పడి పక్క ఇంటిని వదిలెయ్యడమే వాటి నడక అని, సోమన్నబావిలో వచ్చింది అదేనని నేను నమ్ముతున్నానని, మన వైపు లేవనడం ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్ల వచ్చిన మాటేనని రాశాను. కింద "దేవరకొండ కృష్ణకాంత్ గారి బిడ్డ స్నిగ్ధ" అని సంతకం పెట్టాను. ఆయన పేరు అడగకుండా వాడుకున్నాను. మా ఆచార్యుడు చూస్తే చూడనీ.

నా మీద కోపం ఉంచుకో. కాగితం మాత్రం చదువు.

స్నిగ్ధ

*

సోమన్నబావి
అక్టోబరు 30

స్నిగ్ధా,

దసరా మర్నాడు పంచాయితీ ఆఫీసు ముందు కూర్చున్నారు. అవ్వ కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. నేను నీ కాగితం నిదానంగా రెండు సార్లు చదివాను.

చదివినంతసేపూ హనుమంతు కవరును అటూ ఇటూ తిప్పి స్టాంపు బిళ్ళ మీది తల బొమ్మ చూశాడు. అక్షరాల కన్నా ఆ బొమ్మ మీదే గురి కుదిరింది. కవరు చేతులు మారుతూ పోయింది, ఒకాయన వాసన కూడా చూశాడు. అప్పుడు భీమయ్య అడిగాడు:

"గంత సల్లటి దేశంల గూడ వస్తదా బిడ్డా గీ గాలి?"

"ఏడాదికి ముప్పై పెదబాపూ."

భీమయ్య కవరును మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు. "మరి ఆడ ఎవలు జేస్తరు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆడ గూడ ముసలవ్వలున్నరు పెదబాపూ. ఏడాదికి ముప్పైమందిని ఎల్లగొట్టుమని రాయాల్నా?" అన్నాను. ముందు నవ్వింది ఆయన భార్య లీలమ్మ. ఆమె నవ్వగానే కోడళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నవ్విన వాళ్ళ ముందు తీర్పు నిలబడదు. హనుమంతుకు ఎన్నికల తిరుగుళ్ళు ఉన్నాయి, తొందరగా లేవాలి. "సారు బిడ్డ రాసినంక ఇగ మాటేంది. ఒడిసింది" అన్నాడు. మే నెలలో సారన్నందుకు నమ్మారు, అక్టోబరులో సారు బిడ్డ అన్నందుకు మానేశారు. మధ్యలో నా పదిహేను అంగలు, నా బొమ్మ, ఏదీ ఎవరికీ అక్కరకు రాలేదు. గెలిచినందుకు సంతోషించాలట. ఇట్లా గెలిచినందుకు నాకు సిగ్గుగా ఉంది.

నాలుగు రోజులకు మీ నాన్న వచ్చారు. నువ్వు ఏం చెప్పి పంపావో తెలియదు. బస్సు దిగి నేరుగా పోస్టాఫీసుకు వచ్చి, నా బొమ్మ తీయించి, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "కొలత మంచిగున్నది" అన్నారు, పరీక్ష కాగితం దిద్దినట్టు. తర్వాత ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అవ్వ నిలబడే ఉంది కనుక ఆయనా కూర్చోలేకపోయారు.

"పుస్తకంల ఉన్నదే చెప్పిన అమ్మా," అన్నారు.

అవ్వ ఆయన్ని కాళ్ళ నుంచి పైకి చూసింది. "సారూ, తెల్వదు అంటే నోరు అరుగుతదా?"

నేను మంచినీళ్ళు ఇస్తే తాగి మళ్ళీ బస్సుకు పోయారు. నీకు ఈ సంగతి చెప్పి ఉండరు, అందుకే రాస్తున్నాను. నలభై ఒకటో పేజీ సంగతి ఒకటి మిగిలింది. అచ్చయిందన్నావు. అచ్చయిన దాని మీద కలంతో రాయవచ్చు. మీ లైబ్రరీలో ఉన్న ప్రతిలో నా పేరు, నా ఊరి పేరు రాసి ఫోటో పంపు. అప్పుడు నీ మీద కోపం గురించి ఆలోచిస్తాను.

ఇక అవ్వ సంగతి. పంచాయితీ మర్నాడే నల్లా విప్పారు. పత్తి ఏరడానికి రమ్మని కబురు వచ్చింది. లీలమ్మ గిన్నెలో చిక్కుడుకాయ కూర తెచ్చి దడి దగ్గర నిలబడి, "అత్తా, జర మాట్లాడే" అని బతిమాలింది. అవ్వ ఆమె వెనకున్న గోడను చూసినట్టు చూసి లోపలికి వచ్చింది. భీమయ్య రెండు సార్లు వచ్చాడు, హనుమంతు ఒకసారి. ఎవరితోనూ పలకదు. నల్లా తిప్పదు. నన్నింకా బోరింగుకే పంపుతోంది. ఊరు పెట్టిన వెలి ఊరు తీసేసింది. అవ్వ పెట్టింది నడుస్తోంది, నలుగురు కలిసినచోటల్లా ఇప్పుడు అదే ఫికరు.

ఇందాక కడవ దించి, "ఇంగెన్ని దినాలే అవ్వా?" అని అడిగాను.

"నాకు దసరా దాంక దినాలు వెట్టిననాడు ఆల్లు నన్నడిగిన్రా?" అంది.

నిరోష